వంతెనల ఇంజినీరుకు నేను కట్టిన జీవితం

ఆ రోజుల్లో, అంటే సౌదీలోని జుబైల్‌లో నా మొదటి రెండేళ్ళలో, చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉన్నవాడికి ఇంగ్లీషు వచ్చేసినట్టేనని లోకం నమ్మేది. లోకమంటే మా క్యాంపులో ఆరు మంచాల గది. అందులో మొదట నమ్మినవాణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. రాజంపేటలో డిగ్రీ అయిందనిపించుకుని, ప్లాంట్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులకు మనుషుల్ని పంపే ఓ కాంట్రాక్టరు దగ్గర టైమ్‌కీపరుగా చేరాను. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్ళారో రాసుకోవడమే పని. (ఇంట్లో మాత్రం 'ఆఫీసులో ఇంగ్లీషు ఉద్యోగం' అని చెప్పాను.)

మా సైటులో ఒక ముసలి అమెరికన్ సూపర్‌వైజరు ఉండేవాడు. వాళ్ళ దేశపు గొప్పవాళ్ళ మీద కొత్తగా వచ్చిన జీవితచరిత్రలూ ఆత్మకథలూ ఆయన భార్య కొని పంపేది. ఆయన వాటిని తెరవకుండా పేర్చిపెట్టేవాడు. ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతూ సామానంతా గుమ్మం ముందు పెట్టి తీసుకోమన్నాడు. తెలివైనవాళ్ళు ఇస్త్రీపెట్టె, కెటిల్, ఫ్యాను పట్టుకుపోయారు. నేను పుస్తకాల పెట్టె మోసుకొచ్చాను. అందులో ఒక జడ్జి, ఒక గాయని, ఒక వ్యోమగామి, వంతెనలు కట్టిన ఇంజినీరు ఒకాయన ఉన్నారు. అందరూ అట్టల మీద నుంచి నన్ను చూసి నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో తర్వాత తెలిసింది.

మా గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన వెల్డరు ఉండేవాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, అందరికీ 'వెల్డింగన్న'. ఒక శుక్రవారం, సెలవు రోజు, భోజనాలయ్యాక ఇంజినీరు పుస్తకం అట్ట చూసి, "తమ్మీ, గీన వెల్డింగ్ జేసిండా?" అనడిగాడు.

"చేసినాడన్నా, సొంతంగా" అన్నాను, పేజీ తెరవకుండానే.

"అయితే చదువు" అని మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. అలా ప్రతి శుక్రవారం నేను ఇంగ్లీషులో చదవడం, తెలుగులో చెప్పడం మొదలైంది. నాలుగు వాక్యాల్లో ఒకటి అర్థమయ్యేది. ఫోనులో అనువాదం పెట్టి చూస్తే 'వంతెన తన పాదాలను నదిలో క్షమించింది' అని వచ్చింది. దానికన్నా నా కల్పనే నయమనిపించింది. ఆ మహానుభావుడి చేత చిన్నప్పుడు గొర్రెలు కాయించాను. ఏజెంటు చేతిలో మోసపోనిచ్చాను. అమెరికాలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికి వీసా తిప్పలు పెట్టాను. ఎవరూ అనుమానపడలేదు. గొప్పవాళ్ళకూ ఇవే కష్టాలా అని నిట్టూర్చారు.

ఒక వారం ఇంజినీరు అన్నదమ్ముల అధ్యాయం వచ్చింది. అన్న, తగాదా, ఉత్తరం అన్న మూడు మాటలు అర్థమయ్యాయి. మిగతాది నేను కట్టాను. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్న దగ్గర్నుంచి ఉత్తరం వస్తే, ఇంజినీరు సగం కట్టిన వంతెనను వదిలేసి పరుగెత్తాడనీ, ఇద్దరూ కావలించుకుని ఏడ్చారనీ చెప్పాను. ముగించి చూస్తే వెల్డింగన్న లేచి బయటికి వెళ్ళిపోతున్నాడు. నా కథకు దక్కిన మెప్పనుకుని పొంగిపోయాను.

మరుసటి శుక్రవారం ఆయనే చెప్పాడు. తొమ్మిదేళ్ళ కింద ఊళ్ళో తండ్రి పోతే, వాళ్ళన్న మూడు రోజుల దాకా ఇక్కడికి కబురు చెయ్యలేదట. 'ఎట్లాగు రాలేవు, ఎందుకు ఏడిపియ్యాల' అన్నాడట. అప్పట్నుంచి అన్నతో మాటల్లేవు. "మొన్న ఫోన్ జేసిన తమ్మీ. గంత పెద్ద ఇంజినీరే పోయినంక నేనెంతటోన్ని? మా అన్నకు పానం బాగలేదట. రమ్మన్నడు. లీవు పెట్టిన."

గదంతా నన్ను మెచ్చుకోలుగా చూసింది. నాకు మాత్రం అన్నం సహించలేదు.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి సేఫ్టీ ఆఫీసరు ఒకాయన మా గదిలోకి వచ్చాడు. మేం 'సేఫ్టీ భాయ్' అనేవాళ్ళం. ఇంగ్లీషు నిజంగానే వచ్చినవాడు. గదిలోవాళ్ళ నోట నా కథ విని, ఇంజినీరు పుస్తకం రెండు రోజుల్లో చదివేసి, నన్ను మెస్సు పక్కకు పిలిచాడు.

"క్యా మియా, అన్నదమ్ములు కలిసిండ్రని ఎట్ల చెప్పినవ్? ఖత్ వచ్చింది, సహీ. ఈయన పోలే. జవాబ్ గూడ రాయలే. అన్న చచ్చిపోయిండు. ఈయనకు బతికినన్నాళ్ళు గదే బాధ. సాఫ్ రాసుంది."

"భాయ్, ఆయన లీవు పెట్టుకున్నాడు. చెప్పొద్దు భాయ్."

"నేను చెప్ప. నువ్వే చెప్పు. రేపు ఇంకెవడన్న చెప్తే నీ మీద భరోసా ఏం గావాలె?"

రెండు రోజులు వెల్డింగన్నను తప్పించుకు తిరిగాను. నిజం చెబితే ప్రయాణం మానుకుంటాడేమో, అక్కడ జబ్బుమనిషి ఎదురుచూస్తూ ఉండిపోతాడేమో. చెప్పకపోతే నేను ఏమవుతాను? మూడో రోజు మధ్యాహ్నం, విరామంలో, కంపెనీ బస్సు నీడన ఆయన పక్కన కూలబడ్డాను.

"అన్నా, నాకు ఇంగ్లీషు రాదు. సగానికి పైగా కట్టి చెప్పినా. ఆ ఇంజినీరు వాళ్ళన్న కాడికి పోలేదు."

ఆయన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మరి ఆ అన్న?"

"చనిపోయినాడన్నా."

"గీన యాది జేసుకున్నడా?"

"చివరిదాకా."

"పాపం" అన్నాడు వెల్డింగన్న. "గంత చదువుకున్నోనికి పొమ్మని చెప్పెటోడే లేకపాయె." నా వైపు తిరిగాడు. "తమ్మీ, వెల్డింగ్ జేసిండన్నది గూడ అబద్ధమేనా?"

"అదీ అబద్ధమే అన్నా."

దానికి మాత్రం ఆయనకు నిజంగా కోపమొచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. శుక్రవారం సేఫ్టీ భాయ్‌ని పక్కన కూర్చోబెట్టి, "ఇప్పుడు సక్కగ చదువు" అన్నాడు. ఒక్కో వాక్యం భాయ్ విప్పి చెబుతుంటే, ఆ అధ్యాయం ఉన్నదున్నట్టు చదివాను. ఎవరూ నిట్టూర్చలేదు. లీవు దొరికింది. వెల్డింగన్న ఊరికి వెళ్ళాడు.

నలభై రోజులకు తిరిగొచ్చాడు. ఉండబట్టలేక, "కలిసినారా అన్నా? ఏడ్చినారా?" అనడిగాను.

"ఏం ఏడుపు తమ్మీ. శంషాబాద్‌ల దిగిన. మా అన్న కట్టె పట్టుకొని నిలవడ్డడు. 'బక్కగైనవ్ రా' అన్నడు, బ్యాగు గుంజుకున్నడు. పానం బాగలేనోనికి ఎట్ల ఇస్త? నేను ఇడువలే. చెరో పక్క పట్టుకొని కారు దాంక పోయినం."

ఇప్పుడు నాది రియాద్‌లో ఆఫీసు ఉద్యోగం. గొప్ప అమెరికన్ల జీవితచరిత్రలు కొత్తగా వచ్చినప్పుడల్లా తెప్పించుకుని, డిక్షనరీ అక్కర లేకుండానే చదువుతాను. చెరో పక్కా బ్యాగు పట్టుకుని నడవడమనేది ఆ ఇరవై మూడేళ్ళవాడికి ఎంత ఆలోచించినా తట్టి ఉండేది కాదు. అయినా వాడి ధైర్యం తలుచుకుంటే ముచ్చటేస్తుంది. నన్నిప్పుడు ఒక్క పేజీ తెలుగులో చెప్పమంటే మూడు చోట్ల ఆగి, 'దీనికి సరైన మాట ఇదో కాదో' అని నసుగుతాను. వినేవాళ్ళు మర్యాదగా తల ఊపి, ఫోన్లు చూసుకుంటారు.