ఏడంగుళాల గొట్టం

కోయంబత్తూరు దగ్గర మా పీలమేడు పంపుల కంపెనీలో సడయప్పన్ అంటే ముందు అతని చెవి గుర్తొచ్చేది. చేతులు లేత్ మీద ఉన్నా, అవతల టెస్ట్ బెడ్ మీద పంపు రొద విని "అది పనికిరాదు, దించెయ్" అని అరిచేవాడు. పంపులు నడిపి పరీక్షించే ఆ టెస్ట్ బెడ్ పని నాది. మొదట్లో ఒళ్ళు మండేది. గేజి చూస్తే అతని మాటే నిజమయ్యేది. పోనుపోను గేజి చూడ్డమే మానేశాను.

అతను చేసేది ఒకటే పని. లోతు బావుల్లోకి దించే జెట్ పంపుకి అడుగున ఓ ఇనప గొట్టం ఉంటుంది. పైనుంచి తోసిన నీళ్ళు సన్నటి నాజిల్ లోంచి ఆ గొట్టంలోకి చిమ్ముకొచ్చి, చుట్టూ ఉన్న బావి నీళ్ళని లాక్కుని పైకి పోవాలి. ఆ గొట్టం ఫౌండ్రీ నుంచి తొమ్మిదంగుళాల పొడుగున వచ్చేది. సడయప్పన్ లోపల అంగుళం వెడల్పున బోరు, అంటే రంధ్రం, తీసి, డ్రాయింగ్ ప్రకారం నాలుగంగుళాలకి కోసెయ్యాలి. ఆ డ్రాయింగ్‌కి అద్దం కట్టించి మా ముదలాళి, అంటే యజమాని, తన గదిలో, వాళ్ళ నాన్నగారి ఫోటో పక్కన తగిలించుకున్నాడు. రెండింటికీ రోజూ పూలు.

అరవై తొమ్మిదిలో అన్నూరు రైతు కరువేలప్పన్ మా పంపుని ఎద్దుబండిలో వేసుకొచ్చి గేటు ముందు దించాడు. మా వైపు తిట్టినా 'అండీ' తగిలించే తిడతారు.

"ఇది నీళ్ళు తోడదండీ, పుక్కిలిస్తుందండీ!"

"మీ బావిలో నీళ్ళుండాలి కదండీ," అన్నాడు ముదలాళి.

"రండి, తోసి చూపిస్తాను. రెండు నిలువుల లోతుంది!"

పంపు బాగుచేసే పని సడయప్పన్ మీద పడింది. టెస్ట్ బెడ్ తొట్టిలో పంపు నడిపించి, కర్ర ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"రెండు నీళ్ళూ కలవకముందే గొట్టం అయిపోతోందిరా," అన్నాడు నాతో. "ఉరికేవాడు ఉరుకుతూనే ఉన్నాడు, నించున్నవాడు నించునే ఉన్నాడు. అలాగే బయటపడి కొట్టుకుంటున్నారు."

అసలు కొయ్యని తొమ్మిదంగుళాల గొట్టం వేసి చూశాడు. గరగర ఆగింది గానీ పొడుగాటి గొట్టం రాపిడికి నీళ్ళ ఊపు తగ్గింది. మూడు ఆదివారాలు, జీతం లేని ఆదివారాలే, కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చాడు. ఏడంగుళాల దగ్గర ఆపాడు. "ఇప్పుడు అందరిదీ ఒకే నడక," అన్నాడు.

కరువేలప్పన్ పంపుకి ఆ గొట్టం వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి పంపుకీ అదే.

"డ్రాయింగ్‌లో నాలుగుంది కదన్నా?" అన్నాను భయపడుతూ.

"కోసేది నేను. వాళ్ళు కొలిచేది బోరు. పొడుగెవడు చూస్తాడు?"

తొమ్మిదేళ్ళు ఎవడూ చూడలేదు. పల్లడం నుంచి పొళ్ళాచి దాకా మా పంపుకి పేరొచ్చింది. ఏటా ఆయుధపూజ నాడు ముదలాళి ఆ అద్దం కట్టిన డ్రాయింగ్‌ని కిందికి దింపించి, దానికి గుమ్మడికాయ దిష్టి తీసి, "అంతా నాన్నగారి డ్రాయింగ్ చలవండీ" అనేవాడు. సడయప్పన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవాడు.

డెబ్భై ఎనిమిదిలో శివప్రకాశం అనే కుర్ర ఇంజనీరు చేరాడు. మంచివాడు, అక్కడే వచ్చింది చిక్కు. మొదటి వారంలోనే స్కేలు పట్టుకుని గొట్టం పొడుగు కొలిచాడు.

"ఏవండీ, ఇది ఏడుందేంటండీ?"

"ఏడే ఉంటుందండీ."

"డ్రాయింగ్‌లో నాలుగు కదండీ!"

"డ్రాయింగ్ బావిలోకి దిగదు కదండీ."

శివప్రకాశం ఉన్నదున్నట్టు రాసి ఆఫీసుకి పంపాడు. మర్నాటి నుంచి గొట్టాలు నాలుగంగుళాలకే కోయించారు. సడయప్పన్ మధ్యాహ్నం సజ్జంబలి సగం గిన్నె వదిలేసేవాడు. "తొమ్మిదేళ్ళు చేసిన పనిని రోజూ మూడంగుళాల చొప్పున చెత్తబుట్టలో వేస్తున్నానురా," అన్నాడు నాతో ఒకసారి.

మూడు నెలలు తిరిగేసరికి గేటు ముందు ఎద్దుబళ్ళు. అన్నీ పుక్కిలించే పంపులే. బావుల్లో నీళ్ళు లేవని ముదలాళి మళ్ళీ అన్నాడు. రైతులు మళ్ళీ అండీ అంటూ తిట్టారు.

శివప్రకాశం మాత్రం సిగ్గుపడ్డాడు. నేరుగా లేత్ దగ్గరికొచ్చి, "ఎందుకు ఏడో చెప్పండి," అనడిగాడు. సడయప్పన్ కర్ర చేతికిచ్చాడు. కుర్రాడికి రొద తప్ప ఏమీ వినపడలేదు. దాంతో ఓ గాజు గొట్టం చేయించి, నాజిల్ నీళ్ళలో తిరుప్పూరు బట్టల రంగు, ఎర్రటిది, కలిపి వదిలాడు.

మేం ముగ్గురం వంగి చూశాం. నాజిల్ లోంచి ఎరుపు చువ్వలా దూసుకొచ్చింది. కాస్త దూరం పోయాక అంచులు చిరిగి, సుడులు తిరిగి, చుట్టూ ఉన్న తెల్లనీళ్ళని పీక్కుంటూ పోయింది. నాలుగంగుళాల దగ్గర నడుమ ఇంకా ఎర్రచార ఉంది. ఏడు దగ్గరికొచ్చేసరికి గొట్టం నిండా ఒకటే గులాబి.

సడయప్పన్ గాజు మీద వేలు పెట్టి ఎర్రచార వెంట మెల్లగా నడిపించాడు. చార మాయమైన చోట వేలు ఆగింది. కళ్ళు తుడుచుకున్నాడు. రంగు పడిందన్నాడు. గాజు లోపలి రంగు బయటికెలా పడుతుందని మేమిద్దరం అడగలేదు.

కొత్త డ్రాయింగ్ తయారైంది. పొడుగు ఏడంగుళాలు, మూలన శివప్రకాశం సంతకం. సడయప్పన్ పేరు కూడా వెయ్యమని కుర్రాడు పట్టుబట్టాడు గానీ, డ్రాయింగ్‌లో పనివాడి పేరుకి గడి లేదన్నారు. దానికి బదులు ఆయుధపూజ నాడు శాలువా కప్పారు. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి మెమో కూడా వచ్చింది. శివప్రకాశం మొదట్లో రాసి పంపిన ఆ కాగితం నెలల తరబడి బల్లలన్నీ తిరిగి అప్పటికి ఓ కొలిక్కి వచ్చిందన్నమాట. నేనే చదివి వినిపించాను: తొమ్మిదేళ్ళుగా డ్రాయింగ్‌ని ఉల్లంఘించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

సడయప్పన్ శాలువా మడతపెట్టుకుంటూ, "రాయరా," అన్నాడు. "తప్పయిందండీ. ఇకమీదట డ్రాయింగ్ ప్రకారమే కోస్తానండీ."

మొదటి తప్పు గనక హెచ్చరించి వదిలేశారు.

శివప్రకాశం ఆ గాజు గొట్టాన్ని కోయంబత్తూరు పంపుల వాళ్ళ సభకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాడు. లేత్ మాటున తొమ్మిదేళ్ళు దాగిన సంగతి ఒక్క పూటలో ఊరంతా చూసింది. ఆరు నెలల్లో ప్రతి కంపెనీ గొట్టం ఏడంగుళాలైంది. మా అమ్మకాలు పడిపోయాయి. ముదలాళి పాత డ్రాయింగ్‌కి పూలు మానలేదు, కొత్తదాన్ని మాత్రం కన్నెత్తి చూడలేదు.

ఆ వేసవిలో సడయప్పన్ సూలూరులోని బావమరిదికి పంపు కొనిపెట్టడానికి బజారుకి వెళ్ళాడు. తోడు నేనూ వెళ్ళాను. వరసగా పెట్టిన పంపుల దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కొక్క గొట్టమూ జానతో కొలిచి, లోపల వేలు తిప్పి చూశాడు. చివరికి వేరే కంపెనీది తీసుకున్నాడు.

"నీ చేత్తో చేసిన మనది కాదేంటన్నా?" అన్నాను.

"పొడుగందరిదీ ఒకటేరా. వీళ్ళు బోరు బాగా తీశారు," అంటూ పంపుని బండిలోకి ఎత్తాడు.