గూఢచారిణి ఉద్యోగానికి పనికిరాని ప్రసూనాంబ

ప్రసూనాంబ కడుపులో మాట దాగదు. జగ్గయ్యపేటలో ఎవరింట పెళ్ళిచూపులు జరిగినా, పెళ్ళికొడుకు వాళ్ళు తిరుగు బస్సెక్కేలోపే ఊరంతా తెలిసిపోయేది. "ఎవరికీ చెప్పకు" అని ఆవిడ మొదలుపెట్టిందంటే, అది పదోసారి చెప్పడమన్నమాట.

అందుకే, నందిగామలో కాలేజీ ఎగ్గొట్టి మాట్నీకి వెళ్ళిన ప్రమీల, వెనక వరసలో ఆ గొంతు వినబడగానే సీట్లో కిందికి జారింది. సినిమాకి వెళ్ళినట్టు తెలిస్తే చదువు మాన్పిస్తానని తండ్రి కుటుంబరావు ఏనాడో చెప్పి ఉన్నాడు.

తెరమీద యుద్ధం. గూఢచారిణి పూలమ్మే వేషంలో శత్రువుల కోటలో చేరి మూడేళ్ళయింది.

"మూడేళ్ళా! పక్కింటావిడకైనా చెప్పకుండానా! కడుపు ఉబ్బిపోదుటమ్మా?" అంది ప్రసూనాంబ, హాలంతా వినబడేట్టు.

"కాస్త ఊరుకోండి పిన్నిగారూ!" అన్నారెవరో.

"ఎట్లా ఊరుకునేది? అదిగో, సైనికుడొస్తున్నాడు! బుట్ట దాచవే తల్లీ, కోట పటం అందులోనే ఉంది!"

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. ప్రమీల ఓణీ ముఖాన కప్పుకుంది. ప్రసూనాంబ తిన్నగా వచ్చి ఒళ్ళో శనక్కాయల పొట్లం పడేసి, "ముసుగు తియ్యవే, ఉక్కపోసి చస్తావు" అని వెళ్ళిపోయింది.

ఇక చదువు అయిపోయినట్టే. ప్రమీల జగ్గయ్యపేటలో ఇల్లు చేరేసరికి ఆవిడ అప్పటికే వాళ్ళ అరుగుమీద కూర్చునుంది, తండ్రి ఎదురుగా.

"ఏమ్మా, ఇంత ఆలస్యం?" అన్నాడు కుటుంబరావు.

ప్రమీల వంగి చెప్పులు విప్పసాగింది.

"దాన్ని తర్వాత అడుగుదువుగానిలే, ముందు నేను చూసొచ్చిన సినిమా కథ విను!" అని ప్రసూనాంబ టైటిల్స్ దగ్గర్నుంచి ఎత్తుకుంది. "ఆ పిల్ల కోట పటాన్ని జడలో దాచుకుందా..."

జడలో కాదు. ప్రమీల నాలుక కొరుక్కుంది.

"జడలో కాదక్కయ్యా, పూలబుట్ట అడుగున!" అన్నాడు కుటుంబరావు.

ప్రమీల చటుక్కున తలెత్తి తండ్రివైపు చూసింది.

"ఆఁ, బుట్టలోనే" అంది ప్రసూనాంబ, వింతేమీ జరగనట్టు.

కుటుంబరావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, కాళ్ళు కడుక్కుని అన్నం తిను" అన్నాడు, గోడవైపు చూస్తూ.

ప్రమీల ఆవిణ్ణి వీధిలోకి సాగనంపింది. హాల్లో బుట్ట బుట్ట అని అంత గోల పెట్టిన మనిషి ఇంతలోనే ఎట్లా మర్చిపోతుంది?

"అత్తయ్యగారూ, నాన్న ఆ సినిమా చూశారని మీకు ముందే తెలుసు కదూ?"

"ఏ నాన్న? ఏ సినిమా?" అంది ప్రసూనాంబ.

ఆవిడ అన్నీ చెప్పేస్తుందని ఊరందరికీ తెలుసు. చెప్పనివి కూడా ఉంటాయని మాత్రం ఎవరికీ తోచలేదు.

మరుక్షణం పక్కింటి అరుగుమీంచి ఆ గొంతే వినబడింది. "ఎవరికీ చెప్పకు కమలాంబా! ఆ పిల్ల పూలబుట్టలో ఏం దాచిందనుకున్నావ్?"