పోచయ్య బావి నీళ్లు

నానక్‌రామ్‌గూడలో బావి తవ్వడమంటే మట్టితో కాదు, బండతో పని. రెండు మూరలు తవ్వగానే రాయి ఎదురొస్తుంది. చాలామంది అక్కడే పారలు భుజాన వేసుకుని ఇంటికి పోతారు. పోచయ్య పోలేదు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో సమ్మెట పట్టి, రెండు ఎండాకాలాలు ఆ బండతో కొట్లాడి ఊరికి బావి ఇచ్చాడు. నీళ్లు పడ్డనాడు మెలేసిన మీసం పదిహేనేళ్లయినా దించలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో దించాడు. భార్య సత్తెమ్మ బిందె ఎత్తుకుని సగం దారిలోనే ఆయాసంతో కూలబడుతుంటే పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి కుర్ర డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, గుండెలో తలుపులాంటి కవాటం మందమైందని, దాని మీద సున్నం పేరుకుందని తెల్లటి మచ్చలు చూపించాడు. పెద్ద డాక్టరు సోమవారం వస్తాడన్నాడు.

ఇంటికొచ్చిన పోచయ్య చూపు నీళ్లు కాచే కాగు మీద పడింది. లోపలంతా అదే తెలుపు, గోటి మందాన పేరుకుని ఉంది. ఆ నీళ్లు తన బావివే. తన చేత్తోనే పెళ్లానికి ఇంత పని చేశానా అని కుమిలిపోయాడు.

మర్నాటి నుంచి కావడి వేసుకుని పక్క ఊరికి పోయి నీళ్లు తేసాగాడు. ఊరు ఊరుకుంటుందా? పక్కింటి చంద్రమ్మ దారికి అడ్డం నిలబడింది.

"ఏందన్నా, తవ్వినోనివి నువ్వే ముడుతలేవు. గా నీళ్లే తాగుతున్నం, మా సంగతేంది?"

ఊరందరికీ తెలివి చెప్పే పోచయ్య ఆ పూట తల దించుకుని, కావడితో పక్కనుంచి తప్పుకుపోయాడు.

సోమవారం పెద్ద డాక్టరు విశ్వేశ్వరరావు ముందు తువ్వాలు కొస ముడి విప్పి, కాగులోంచి గీకిన పెచ్చు బల్ల మీద పెట్టాడు.

"మా బావి నీళ్లది సారూ. గిదే ఆమె గుండెకు పట్టింది. బావి తవ్వింది నేనే."

కోస్తా నుంచి వచ్చిన ఆ డాక్టరు నవ్వలేదు.

"తాగే నీళ్లలో సున్నం గుండెకి అంటుకోదండి. కొందరికి వయసు మీద పడ్డాక అలా పేరుకుంటుంది. కొందరికి కవాటం పుట్టుకతోనే తేడాగా ఉంటుంది. ఈవిడకి ముప్పై అయిదేగా." సత్తెమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, చిన్నప్పుడు గొంతు నొప్పొచ్చి, తర్వాత జ్వరంతో కీళ్లు వాచాయా?"

"పదేండ్లప్పుడు సారూ, చందానగర్ల. మోకాళ్లు ఉబ్బినయ్, అవి తగ్గంగనే మణికట్లు ఉబ్బినయ్. మా అమ్మ ఆముదపాకులు కట్టింది. నెల రోజులు నడువలే."

"ఆ జ్వరమే గుండె మీద దెబ్బ కొట్టిపోయింది. అప్పుడు దెబ్బతిన్న కవాటమే ఇన్నేళ్లకి మందమైంది. తలుపు ఇంకా బాగానే తెరుచుకుంటోంది, భయం లేదు. ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి సూది తప్పకూడదు. బిందెలు మాత్రం ఎత్తనివ్వకండి."

పోచయ్య లెక్క చూసుకున్నాడు. అప్పటికి సత్తెమ్మ ఎవరో తనకు తెలియదు. బావి ఉన్న చోట వట్టి బండ ఉండేది. ప్రాణం తేలికపడి, అందరి ముందే తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తనే బిందె తీసుకుని బావి దగ్గరికి పోయాడు. మగాడు బిందె మోస్తున్నాడని ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. వాళ్ల ముందే చేదతో నీళ్లు తోడి, కడుపు నిండా తాగాడు. చంద్రమ్మ బిందె కూడా తనే నింపి ఇచ్చాడు.

ఇంట్లో గడప మీద కూర్చున్న సత్తెమ్మ చెంబు చాపింది.

"వారం దినాలు పరాయి నీళ్లు తాపితివి. జర మన బావివి పొయ్యి."

పోచయ్య చెంబు నిండా పోశాడు.