కుడి చక్రం దగ్గర పసుపు గీత

మా గేటుకు రంగు వేసే మనిషి మూడు రోజులుగా వేస్తూనే ఉన్నాడు. గేటు పెద్దదేమీ కాదు. మేకను ఆపగలదు, అది కూడా మేక ఒప్పుకుంటే. మా దీవిలో, ఈ షాదీపూర్‌లో వాన లేని పూట చూసి రంగు వెయ్యాలంటే ఓపిక కావాలని నాకూ తెలుసు కాబట్టి, నా ఫిర్యాదు ఆలస్యం గురించి కాదు. కింది కీలుకు బోల్టు వదులైంది, ముందు అది బిగించి తర్వాత రంగు వెయ్యమన్నాను. అతను దాని మీదుగానే చక్కగా రెండు పూతలు వేసి, "హో గయా సాబ్" అన్నాడు. పచ్చి ఎనామిల్ వాసన వరండా దాకా వచ్చింది. నా అరచేతులకు చెమట పట్టింది. పాతికేళ్ళు దాటినా ఆ వాసన తగిలితే చాలు, నా చేతులకు భయం నాకంటే ముందు గుర్తొస్తుంది.

సింహాచలం మేస్త్రి గారిని మీరు చూసి ఉండరు. ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉన్న చోట, మా వీధి చివర, ఆయన రేకుల షెడ్డు ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి చిన్న వయసులోనే ఈ దీవికి ఓడెక్కి వచ్చి, కలప లారీల కింద పడుకుని పని నేర్చుకున్న మనిషి. నేను భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, దానితో ఏం చెయ్యాలో కాలేజీవాళ్ళు చెప్పడం మరిచిపోయిన కారణంగా, ఇరవై నాలుగో ఏట ఆయన దగ్గర చేరాను. ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న, అబ్బాయి ఏదో పరిశోధన చేస్తున్నాడని అందరికీ చెప్పుకున్నాడు. మేస్త్రి గారు నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. ఆయనకు నేను బియ్యస్సీని.

చక్రాన్ని బండి అడుగుకు పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. షెడ్డులో దాన్ని ఆర్మ్ అనేవాళ్ళం. దాని కొసల్లో రబ్బరు బుష్షులు, వాటిలోంచి బోల్టులు. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ రబ్బరు మెలితిరిగి మళ్ళీ తన స్థితికి వస్తుంది. కొత్త ఆర్మ్ వేసేటప్పుడు బండి జాకీ మీద ఉంటుంది, చక్రం వేలాడుతూ ఉంటుంది. చేరిన మొదటి వారం నేను దాన్ని అలా వేలాడుతుండగానే, ఒంట్లో బలమంతా పెట్టి బిగించేశాను. మేస్త్రి గారు వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, నా గడ్డం పట్టుకుని తల ఒక పక్కకు తిప్పారు.

"మెడ ఇలాగున్నప్పుడు కట్టు కట్టీసి, ఇప్పుడు తిన్నగా చూడు అంటే ఏటవుతాది?"

నొప్పి పుడుతుందన్నాను.

"రబ్బరుకీ అంతే. దానికి నోరు నేదు, చెప్పదు, చిరిగిపోతాది. గాల్లో ఉన్నప్పుడు పానాతో ఆనించి ఒగ్గీ. బండి దాని కాళ్ళ మీద అది నిలబడ్డాక అప్పుడు బిగించు. సమఝ్ గయా?"

మూడేళ్ళ డిగ్రీలో ఎవరూ నా గడ్డం పట్టుకోలేదు. అందుకేనేమో అక్కడ విన్నది నిలవలేదు, ఇది నిలిచింది.

బిగించడానికి ఆయన దగ్గర ఒక రెంచి ఉండేది. కావలసినంత బిగువు రాగానే టిక్కుమని చెప్పే రెంచి. ఓడ ఇంజిన్ గదిలో పనిచేసే స్నేహితుడు తెచ్చిచ్చాడట. చాతం రంపపు మిల్లు నుంచి వచ్చిన పడౌక్ కలప ముక్కలతో దానికి పెట్టె చేయించి, లోపల పాత లుంగీ పరిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేవారు. టిక్కు వినపడ్డాక, బోల్టు తల మీది నుంచి పక్క ఇనుము దాకా సన్నని పసుపు గీత గియ్యాలి. తర్వాతెప్పుడైనా గీత రెండు ముక్కలై కనిపించిందంటే బోల్టు తిరిగిందన్నమాట. టిక్కు ముందు, గీత తర్వాత. షెడ్డు మొత్తానికి రాజ్యాంగం అదొక్కటే.

ఆ రాజ్యాంగాన్ని నేను సవరించాను. అడవికి అవతల ఉన్న రంగత్ నుంచి తపన్ అనే డ్రైవరు తన వ్యాను తెచ్చాడు. ముందు చక్రాలు రెండింటికీ ఆర్మ్‌లు మార్చాలి. మర్నాడు తెల్లవారుతూనే అందులో అతనితో పాటు మరో ముగ్గురు రంగత్ వెళ్తారు. ఆ ముగ్గురిలో మేస్త్రి గారి అమ్మాయి జ్యోతి కూడా ఉంది. రంగత్ బడిలో టీచరుగా చేరబోతోంది.

ఇక నా సవరణ. పసుపు ఎనామిల్ డబ్బా మూత స్క్రూడ్రైవరు పెట్టి లేపితే తప్ప రాదు, తీసి ఉంచితే రంగు మీద మీగడ కడుతుంది. రెండుసార్లు తియ్యడం ఎందుకని, వ్యాను ఇంకా జాకీల మీద ఉండగానే, పక్కకు రెండు చొప్పున నాలుగు బోల్టులకూ గీతలు గీసేశాను. ఎలాగూ దింపాక బిగిస్తాను కదా. వ్యాను దింపాను. ఎడమ పక్క రెండూ బిగించాను. అంతలో జ్యోతి టీ తెచ్చింది, ఉద్యోగం కాగితం చూపించింది, అందులో తన పేరు తప్పు పడిందని నవ్వింది. గ్లాసు కింద పెట్టి కుడి పక్కకు వంగి చూస్తే, పసుపు గీతలు కనిపించాయి. అయిపోయిందనుకుని రెంచిని పెట్టెలో పడుకోబెట్టాను.

మర్నాడు పొద్దున్న షెడ్డు తెరిచేసరికి వ్యాను వెళ్ళిపోయింది, బ్రష్షు డబ్బాలోనే గట్టిపడి ఉంది. దాన్ని పీకుతూ, నిన్న దీన్ని ఎప్పుడు ముంచానా అని ఆలోచించాను. జాకీ దింపకముందు. నాలుగు టిక్కులు వినాలి. ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నా నాకు రెండే వినపడ్డాయి. మిగతా రెండు కూడా విన్నానని నన్ను నేను ఒప్పించడానికి కొంత ప్రయత్నం చేశాను. చదువుకున్నవాణ్ణి కాబట్టి వాదన బాగానే వచ్చింది. నమ్మకం రాలేదు.

మేస్త్రి గారు వేపపుల్ల నములుతూ వచ్చారు. చెప్పాను. ఆయన తిట్టలేదు. పుల్ల నోట్లోంచి తీసి, ఒక్కటే అడిగారు.

"ఎడమా, కుడా?"

కుడి అన్నాను. ఆయన స్కూటరు బయటికి తీశారు.

రంగత్ దారిలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నిటినీ ఆపి, పోలీసు కాపలాతో వరసగా ఆదివాసులుండే అడవిలోకి వదులుతారు. వరస కదిలిందంటే ఇక వెనక్కి పిలిచే దారి లేదు. అడవిలో ఆగకూడదు, ఫోను లేదు. నలభై చిల్లర కిలోమీటర్లు వెనక సీటు మీద, ఒళ్ళో పడౌక్ పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి మలుపులోనూ ముందు రోడ్డు పక్క కాలవలోకి చూశాను, తర్వాతే రోడ్డు చూశాను. ధైర్యం కోసం ఘర్షణ సూత్రాలు గుర్తు చేసుకున్నాను. అవి బోల్టు ఊడిపోయే పక్షమే మాట్లాడాయి. మేస్త్రి గారు ఒక్క మలుపులోనూ వేగం తగ్గించలేదు.

వరస ఇంకా కదలలేదు. వ్యాను ఏడో బండి. జ్యోతి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటి నాన్నా, ఏటైంది?" అంది. ఏం లేదమ్మా, రెంచి పెట్టె బండిలో మరిచిపోయామని ఇటొచ్చాం అన్నారాయన. పెట్టె నా చేతిలోనే ఉంది. అబద్ధాల్లో అంత అనుభవం లేని మనిషి. తపన్‌ను మాత్రం పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పారు. నన్ను బండి కిందికి దూరమన్నారు.

ఎర్ర బురదలో వెల్లకిలా పడుకుని ఎడమ పక్క రెంచి వేశాను. వెంటనే టిక్కు. రెండోది కూడా టిక్కు. కుడి పక్కకు జరిగాను. రెంచి తిరిగింది. పావు చుట్టు, అర చుట్టు, ఇంకా తిరిగింది. నా మొహానికి అడుగు దూరంలో పసుపు గీత రెండుగా విడిపోయి, తలో దిక్కుకు పోయింది. చక్రం పక్కన గొంతుక్కూర్చున్న మేస్త్రి గారి చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. ఎంత తిరుగుతోందో వేళ్ళ మీద లెక్క పెడుతున్నారు. టిక్కు వచ్చింది. రెండోదానికీ అంతే. అప్పుడు ఆ చెయ్యి ఒక స్క్రూడ్రైవరు నాకు అందించింది. పాత గీతలు గీకెయ్యమని.

విజిల్ వేశారు. చివరి లారీ కూడా చెట్ల వెనక మలుపు తిరిగేదాకా ఆయన చెక్‌పోస్టు గేటు దగ్గరే నిలబడ్డారు. తర్వాత టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. టీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశారు.

"రాత్రి టార్చి ఏసి నేనూ చూసినాన్రా," అన్నారు నెమ్మదిగా. "పసుపు కనపడ్డాది. బియ్యస్సీ గీత కదా అనుకున్నాను."

ఆయన దాని గురించి అన్నది ఆ ఒక్కసారే. మర్నాడు మామూలుగానే నాకు పని చెప్పారు. నాలుగేళ్ళ తర్వాత కాలేజీ ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఆ మనిషి నన్ను మళ్ళీ నమ్మారన్న సంగతి నా పట్టా కంటే ఎక్కువ పనికొచ్చింది. తలుపు తాళం వేసి ఇప్పటికీ మూడుసార్లు లాగి చూస్తాను. రీడింగు తియ్యకముందే పట్టికలో అంకె రాసిన విద్యార్థిని చూస్తే నా అరచేతులు తడుస్తాయి. పిల్లలు దాన్ని క్రమశిక్షణ అనుకుంటారు. నేను కాదనలేదు.

ఈ రోజు మధ్యాహ్నం జ్యోతి వచ్చింది. రంగత్‌లోనే పెద్ద టీచరైంది. ఆఫీసు పని మీద వచ్చి, గేటు తోసుకుని లోపలికి రాగానే కింది కీలు ఊడి గేటు ఆమె మీదికి ఒరిగింది. రంగు చీరకు అంటింది. పోయినేడు మేస్త్రి గారు ఆమె ఇంట్లోనే కన్నుమూశారు. పడౌక్ పెట్టె నాకివ్వమన్నారట, తెచ్చి నా ముందు పెట్టింది. లుంగీ ముక్క కూడా అదే. రెంచి చేతిలోకి తీసుకున్నాక ఇక దాచడం భావ్యం కాదనిపించి, ఆ రోజు జరిగింది ఆమెకు మొదటిసారి చెప్పాను.

"తెలుసు భయ్యా," అంది చీరకంటిన రంగు కిరసనాయిలుతో తుడుచుకుంటూ. "పెట్టె మర్చిపోయి నలభై కిలోమీటర్లు వచ్చే మనిషా నాన్న?"

మాట తేలిక చేద్దామని నవ్వాను. ఏమైతేనేం, ఆ తర్వాత నాలుగేళ్ళలో నేను బిగించిన బోల్టు ఒక్కటి కూడా వదులై తిరిగి రాలేదన్నాను. కొంత గర్వంగానే అన్నాను.

ఆమె గుడ్డను మళ్ళీ కిరసనాయిల్లో ముంచింది.

"ఎందుకొస్తాది? నువ్వు ఇంటికెళ్ళాక రోజూ నాన్న అన్నీ మళ్ళీ రెంచి ఏసి చూసీవోడు. సెలవులకొస్తే టార్చి పట్టుకునేదాన్ని నేనే."