బాబా గారి తూటాల మిషను

మా చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రమైతే చాలు... కువైట్ సల్వాలో బాబా గారి గ్యారేజీలోంచి టక్... టక్... అని చప్పుడు మొదలయ్యేది. అది తూటాలు నింపే మిషను చప్పుడు.

బాబా అంటే మా నాన్న కారు నడిపే ఇంటి యజమాని. ఆయన భార్యను అందరం మామా అనేవాళ్ళం. అమ్మ ఆ ఇంట్లో వంట చేసేది. మాది కోనసీమ. మామా పుణ్యమా అని నాకూ వీసా దొరికి, ముగ్గురం వాళ్ళ పెరటి గదిలో ఉండేవాళ్ళం.

బాబాకు పిట్టల వేట పిచ్చి. చలికాలంలో ఎడారికి వెళ్ళి, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలన్నీ ఏరి తెచ్చుకునేవారు. వాటిలో మళ్ళీ మందు పోసి, సీసపు గుళ్ళు నింపి, మిషను పిడి కిందికి లాగితే మూతి ముడుచుకుని కొత్త తూటా అయిపోయేది. నాన్న అందిస్తుంటే ఆయన లాగేవారు. కొన్న తూటాలో సగం ఖర్చేనని గొప్పలు పోయేవారు.

మామా ఊరుకుంటుందా... "మిషను కొన్నావు, మందు కొన్నావు, గుళ్ళు కొన్నావు. ఆదా అయిందని రెండింతలు కాల్చావు. తెచ్చింది మూడు పిట్టలు" అని దెప్పేది. ఆ పిట్టల్ని వండాల్సింది అమ్మే కాబట్టి అమ్మకూ ఒళ్ళు మండేది. మాంసం కంటే పంటి కింద గుళ్ళే ఎక్కువ తగిలేవి.

బాబా నవ్వేసి భుజం తడుముకునేవారు. "దుకాణం తూటా గట్టిగా తంతుంది. ఇది నా ముసలి భుజానికి సరిపడా నేను చేసుకున్నది" అనేవారు. నాన్న అది మాకు తెలుగులో చెప్పి, అమ్మను ఆటపట్టించేవాడు. "నువ్వు ఆవకాయ పట్టినట్టేనే. ఇక్కడ మామిడికాయల ఖరీదుకి ఆవకాయ సీసాలకు సీసాలు కొనుక్కోవచ్చు. అయినా మానేత్తావా?"

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఆ తర్వాత బాబా చేసే ఖర్చు గురించి అమ్మ ఒక్క మాట కూడా అనలేదు.

మూతి చిరిగిన గొట్టాలు మళ్ళీ నింపడానికి పనికిరావు. బాబా పారేస్తే అమ్మ ఒకటి తెచ్చుకుంది... ఎర్రటి గొట్టం, అడుగున ఇత్తడి. మూతి కత్తిరించి, బిరడా బిగించి, కుంకుమ పోసి దేవుడి గూట్లో పెట్టుకుంది. ఊరి నుంచి తెచ్చుకున్న భరిణె పగిలిపోయింది మరి.

1990 వేసవిలో బాబా, మామా ఇంటి తాళాలు నాన్నకిచ్చి కైరో వెళ్ళారు. అంతలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. తుపాకీని బాబా తమ్ముడు వచ్చి ఎక్కడికో తీసుకుపోయాడు. మిషనూ, మందూ, నింపిన తూటాలూ మాత్రం మాకు మిగిలాయి. ఆయుధాలు దొరికిన ఇంట్లో మగవాళ్ళను పట్టుకుపోతున్నారని వీధిలో చెప్పుకుంటున్నారు. మా ఇంట్లో మగవాడంటే నాన్న ఒక్కడే.

"ఏవండీ, పారేద్దామండీ" అంది అమ్మ.

"నమ్మి తాళాలు నా సేతికిచ్చెళ్ళారే. రేపొచ్చి అడిగితే ఏం సెప్పను?"

"మీరుంటే కదండీ సెప్పడానికి."

నాన్న లేచి గ్యారేజీలోకి వెళ్ళాడు. తూటాలను మూటకట్టి పెరట్లోని మురుగు గుంతలో వదిలేశాడు. మందును బకెట్టు నీళ్ళలో కలిపి పారబోశాడు. మిషనును ఊడదీసి, ఒక్కో ముక్కనూ గుడ్డతో తుడిచి కారు సామాన్ల డబ్బాలో కలిపేశాడు. ఎందుకు తుడిచావు నాన్నా అని అడిగితే, బాబా వస్తువు కదా అన్నాడు.

తర్వాత కొద్దిరోజులకే సైనికులు వచ్చారు... పొద్దున్నే, అమ్మ రొట్టెలు కాలుస్తుండగా. గ్యారేజీ వెతికారు. ఏమీ దొరకలేదు. మా గదిలోకొచ్చారు. ఒక కుర్ర సైనికుడు దేవుడి గూట్లో చెయ్యి పెట్టి ఎర్ర గొట్టం బయటికి తీశాడు.

మాకెవరికీ అది తూటా అనే గుర్తే లేదు... మాకది కుంకుమ భరిణె.

ఇంకో సైనికుడు నాన్న కాలరు పట్టుకున్నాడు. "మిగతావి ఎక్కడ?" నాన్న "మాఫీ... మాఫీ" అంటున్నాడు. లేవు, లేవు అని. కుర్రవాడు బిరడా పీకి గొట్టం బోర్లించాడు. కుంకుమంతా నేలమీద పడింది.

కుంకుమ ఒలికితే మొగుడికి మంచిది కాదని అమ్మకు పట్టింపు. చిటికెడు కింద పడ్డా కళ్ళకద్దుకునేది. ఆ రోజు మాత్రం నేలవైపు చూడనే లేదు. నాన్ననే చూస్తూ కిందికి వంగి, వేలికంటిన కుంకుమ నా నుదుట పెట్టి, తన బొట్టు చూపించింది. చూపు నాన్న మీదే ఉండటంతో నా బొట్టు కనుబొమ్మ మీదికి జారింది. కుర్రవాడు నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూశాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. రెండోవాడితో ఏదో అన్నాడు... నాన్న కాలరు వదిలేశారు.

వెళ్తూ వెళ్తూ పెనం మీది రొట్టెలు పట్టుకుపోయారు. పాపం, ఆకలి మీద ఉన్నారేమో. అమ్మ గోడకు చేరగిలబడి చాలాసేపు ఏడ్చింది.

తర్వాత బాగ్దాద్ మీదుగా, అమ్మాన్ మీదుగా ఎలాగో ఊరు చేరాం. యుద్ధం అయిపోయాక నాన్న ఒక్కడే మళ్ళీ కువైట్ వెళ్ళాడు. మిషను సంగతి చెప్పబోతే బాబా, "ఖలాస్... అయిపోయిందేదో అయిపోయింది. నువ్వున్నావు, చాలు" అని కౌగిలించుకున్నారట. ముక్కలన్నీ దొరికినా మళ్ళీ బిగించుకోలేదట. వేటకూ వెళ్ళలేదట.

అప్పటి నుంచీ అమ్మకొక అలవాటు. దీపావళికి వీధిలో టపాకాయ పేలితే చాలు, చేస్తున్న పని ఆపి నాన్న ఎక్కడున్నాడో చూసుకునేది. కనిపిస్తే మళ్ళీ పనిలో పడేది. మేం నవ్వేవాళ్ళం, నాన్న కూడా నవ్వేవాడు.

నాన్న పోయాక మొన్ననే తొలి దీపావళి... సందు చివర ఎవరో బాంబు కాల్చారు. అమ్మ తల తిప్పి నాన్న కూర్చునే వాలుకుర్చీ వైపు చూసింది... ఇంకా చూస్తూనే ఉంది.

ఆ రోజుల్లో కువైట్‌లో ఉన్నవాళ్ళు ఈ పోస్టు చదువుతుంటే... మీ ఇళ్ళల్లో ఏం దాచారు, ఏం పారేశారు, ఎవరిని కాపాడుకున్నారు? రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను.