ఫాంటు లేని నోటీసు

నోటీసు ఇచ్చామని వాళ్లన్నారు. అందలేదని మేమన్నాం. దర్శి దగ్గర మా మేనత్తకున్న ఎకరన్నర మిరపచేను ఆ ఒక్క మాట మీద చేజారిపోయేట్టుంది. మామయ్య పోయాక ఆయన దాయాది, చేను తనదంటూ కోర్టుకెక్కాడు. సమన్లు తీసుకోవడానికి అత్త దొరకడం లేదని చెప్పి పత్రికలో ప్రకటన వేయించాడు. అత్త రాలేదు కాబట్టి తీర్పు అతని పక్షాన వచ్చేసింది.

ఏ పత్రికలో అని ఆరా తీస్తే, ఇంటర్నెట్‌లో మాత్రమే వచ్చే పత్రికట! నాకు ఒళ్లు మండిపోయింది. అత్తకు అక్షరం ముక్క రాదు. అయినా మా ఊరి టీకొట్టులో ఒకాయన రోజూ పేపరు గొంతెత్తి చదివేవాడు, టెండర్లూ కోర్టు నోటీసులతో సహా. అచ్చులో పడి ఉంటే పొద్దెక్కకముందే పదిమంది వచ్చి అత్తకు చెప్పేవాళ్లు. అప్పటికి ఊరంతా వెతికినా కంప్యూటర్ ఒక్కటీ లేదు.

తీర్పు రద్దు చేయమని అర్జీ పెట్టాం. ఇంతకీ ఆ నోటీసేదో చూద్దామని నేను ఒంగోలులో నెట్ సెంటర్‌కి వెళ్లాను. పేజీ తెరుచుకుంది. మచ్చుకి ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు కలగాపులగంగా ఉన్నాయి.

"ఆ పేపరు ఫాంటు ఎక్కిస్తేనే తెలుగు కనబడుతుంది, అది మా దగ్గర లేదు మేడం. ఐదు నిమిషాల్లో ఎక్కిస్తాను," అన్నాడు సెంటరాయన.

"వద్దండి. ఇట్టాగే ప్రింటు తియ్యండి," అన్నాను.

వాయిదా రోజు మా వకీలు ఆ కాగితం జడ్జిగారికి అందించాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, అవతలి వకీలు చేతికిచ్చి, "చదవండి" అన్నారు.

"ఫాంటు ఉంటే కనబడుతుందండీ..." అంటూ కాగితాన్ని తిరగేసి చూశాడు ఆ వకీలు.

నేను చెయ్యి పట్టి లాగుతున్నా అత్త ఆగలేదు. "అయ్యా, నాకంటే సదువు రాదు. ఆయనకీ రాదేందయ్యా?"

కోర్టంతా నవ్వింది. నవ్వనిది మేమిద్దరమే. తీర్పు రద్దయింది, కేసు మళ్లీ మొదటికొచ్చింది. చేను ఇంకా దక్కినట్టు కాదని నాకు తెలుసు. అయినా ఇక వదిలేది లేదనుకున్నాను.

తర్వాతి వాయిదాకి మొదటి బస్సుకే వెళ్లి కోర్టు వరండాలో నిలబడ్డాం. తీర్పిచ్చిన నాడు అత్త పేరు మూడుసార్లు పిలిచారట, పలికేవాళ్లు లేకపోయారు. ఈసారి బంట్రోతు పేరు పూర్తిగా పలకనేలేదు.

"ఉండా!" అని అరిచింది అత్త. "ఈడనే ఉండా!"