పలకని స్టేజీ

ఆవిడ పేరు అడగలేదు. అనకాపల్లిలో బస్సెక్కితే పక్కసీటులో ఉంది, పెద్దావిడ, పాదాలకు ఇంకా పారాణి పోలేదు. ముందురోజే మా పాత నాటకాల హాలు తెరిచారు. ఏళ్ళ తరబడి రేకులు అడ్డుపెట్టి, కోట్లు పోసి చేసిన బాగు అది!

"నిన్న హాల్లో ఆడింది మీరే కదూ? గజ్జెలు తప్ప మీ అడుగు వినపడలేదండీ," అన్నాను ఉక్రోషంగా.

"ఎలా వినపడతాది బాబూ? స్టేజీ సెక్కలు పీకేసి గ్రానైట్ ఏసేరు. ఎంత తొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మోకాళ్ళు పోయేయి."

"వాళ్ళతో చెప్పలేదా?"

"సెప్పేను. ఎలా మెరిసిపోతందో సూడమ్మా అన్నారు."

ఆవిడ చెప్పు విడిచి, బస్సు రేకు మీద మడమతో ఒక్కటి కొట్టింది. దణ్‌మంది. కండక్టరు ఉలిక్కిపడి తిరిగాడు.

"సూసేవా? బస్సైనా పలికింది."